పోయినవాళ్ళ కళ్ళు

అనంతపురంలో కరుణమ్మ అద్దెకున్న గదిలో, మంచం తలవైపు గోడకి, ఒక పెద్దాయన బొమ్మ ఉండేది. పడవలకీ రిక్షాలకీ పూసే రంగులతో రేకు మీద వేసిన బొమ్మ. నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచర్ని. కరుణమ్మ అదే స్కూల్లో తెలుగు చెప్పేది, సొంత ఊరు అమలాపురం. మొదటిసారి ఆ గదికి వెళ్ళినరోజు, ఆమె ఇచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా నేను ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. చెవి ఉండాల్సిన చోటు కంటే పైకి పోయింది. భుజాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఎవరి దగ్గరా నేర్చుకున్న చెయ్యి కాదని తెలుస్తూనే ఉంది. కానీ కళ్ళు మాత్రం బతికున్నాయి. ఎవరో పిలిస్తే "ఏంటి?" అని ఎడమవైపు తిరిగినట్టు చూస్తున్నాడాయన.

"మా నాన్నగారండి," అంది కరుణమ్మ. "పోయేక గీసింది."

ఫోటో చూసి గీశారా అని అడిగాను. ఆయన బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగలేదట. శవం పక్కన కూర్చుని, చూసి గీశారట. మూసిన కళ్ళు చూసి తెరిచిన కళ్ళు ఎలా గీస్తారని నేను మళ్ళీ అడిగాను. అది ఆయన్నే అడగాలంది కరుణమ్మ. పేరు దేవదానం, ఉండేది రాజోలు వైపు.

ఎనభై మూడు దసరా సెలవులకి ఆమె ఊరు బయలుదేరితే నేనూ వెంటపడ్డాను. కోనసీమ చూసొచ్చినవాళ్ళు కొబ్బరిచెట్ల గురించీ కాలవల గురించీ చెబుతారు. అవన్నీ ఉన్నాయి, నేనూ చూశాను. కానీ చూడటానికి పోయింది ఒకటి, చూసింది ఇంకొకటి అయింది నాకు.

రావులపాలెం

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాం. గోదావరి వంతెనల మీద బస్సు పోతుంటే నేను కిటికీకి అతుక్కుపోయాను. మా పెన్నలో నీళ్ళు కనబడాలంటే ఇసకలో చెలమ తవ్వాలి. ఇక్కడ చూసినంత మేర ఎర్రటి నీళ్ళే, అదీ పరుగులు పెడుతూ. బస్సులో సగంమంది నిద్రపోతున్నారు. ఇంత నీళ్ళు పెట్టుకుని ఎలా నిద్రపడుతుందమ్మా వీళ్ళకి అంటే, మీ ఊళ్ళో అంత ఎండ పెట్టుకుని మీరు నిద్రపోవట్లేదా అంది కరుణమ్మ.

రావులపాలెంలో బస్సు మారాలి. రోడ్డు పక్కన అరటిగెలలు మనిషెత్తు కుప్పలు పోసి ఉన్నాయి. మా దగ్గర అరటిపండు జబ్బు మనిషిని చూడబోయేటప్పుడు కొనే వస్తువు. ఇక్కడ కాఫీ తాగే డబ్బులకి చేతినిండా పళ్ళొచ్చాయి, దూరం నించి వచ్చేరు కదండీ అని కొట్టతను పైన ఇంకో రెండు పెట్టాడు. అతనితో నేను ఏం చెప్పినా "ఆయ్" అంటున్నాడు. వినపడలేదేమోనని గట్టిగా చెప్పాను. మళ్ళీ "ఆయ్" అన్నాడు. ఇంకోసారి అరవబోతుంటే కరుణమ్మ నా చెయ్యి పట్టుకుని, ఇక్కడ అది "అవునండి", "అలాగేనండి" అనే మాట అని చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ ప్రయాణంలో నేను మనసారా నవ్వింది అక్కడే అనుకుంటాను.

కొత్తపేట

సాయంత్రానికి కొత్తపేటలో కరుణమ్మ పిన్నిగారు సుగుణమ్మ ఇంట్లో దిగాం. తాతలనాడు క్రైస్తవం పుచ్చుకున్న కుటుంబం. తాత పాలేరు, తండ్రి చర్చిలో గంట కొట్టేవాడు, ఈవిడ బడిపంతులమ్మ. రాత్రి అన్నంలోకి బొమ్మిడాయిల పులుసు పెట్టారు. అవి సన్నగా పొడుగ్గా ఉండే చేపలు. నేను పామనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడ ఏమీ అనుకోకుండా ముల్లు తీసి ముక్క నా అన్నంలో పెట్టింది. రాగి సంగటి తినే నాలిక్కి ఆ పులుసు రుచి ఎక్కడానికి కాస్త టైం పట్టింది గానీ, ఎక్కాక రెండోసారి అడిగి వేయించుకున్నాను.

ఆ ఇంటి గోడకీ రేకు బొమ్మలున్నాయి. ఒక ముసలావిడ, ఒక మీసాలాయన. ఇద్దరూ తలా ఒక పక్కకి చూస్తున్నారు. భోజనమయ్యాక సుగుణమ్మ గారు దేవదానం సంగతి చెప్పుకొచ్చారు.

ఆయన తండ్రి ఒక పెద్ద రైతు దగ్గర పాలేరు. తల్లి ఊడ్పుల కూలికి పోయేది. బడిలో రెండో తరగతి దాటలేదు. పడవలు బాగుచేసే చోట అడుగుకి తారు పూసే పనిలో చేరాడు. పడవల మీద పేర్లు రాసే మనిషి మంచాన పడితే, ఈయన కుంచె పట్టుకున్నాడు. అన్ని అక్షరాలూ చదవడం రాదు, చూసి బొమ్మలా దింపేవాడు. తర్వాత రిక్షాల వెనక రేకుల మీద పులులు, నెమళ్ళు, సినిమా వాళ్ళ మొహాలు. ఇలా చెయ్యి అని చెప్పినవాడు లేడు. ఒకరోజు తల్లి పోయింది. మిగిలిన పడవరంగుతో ఆవిణ్ణి కిరసనాయిలు డబ్బా రేకు మీద గీసుకున్నాడు. వాళ్ళ పేటలో ఎవరింట్లోనూ ఫోటోలు లేవు. ఫోటో కావాలంటే అమలాపురం పోవాలి, ఆ రోజు కూలి పోతుంది. అందుకని ఆ తర్వాత ఎవరు పోయినా పాస్టరు గారితో పాటు దేవదానానికీ కబురు వెళ్ళేది.

"అదే ఆయన కొంప ముంచిందండి," అన్నారు సుగుణమ్మ గారు.

ఎక్కడెవరు పోతే అక్కడ కనబడే మనిషి కనక, ఆయన్ని చూస్తే జనానికి భయం పట్టుకుంది. వీధిలోకి వస్తే మంచంలో మనిషున్న ఇంటివాళ్ళు తలుపులు వేసుకునేవారు. ఒకసారి ఇదే ఊళ్ళో జ్వరంతో ఉన్న చుట్టం ఒకావిణ్ణి చూద్దామని వచ్చాడట. ఆవిడ ఆయన్ని గుమ్మంలో చూసి కేకలు పెట్టిందట, నేనింకా పోలేదురా అని. ఆ వారంలోనే పోయింది. చుట్టాలు ఆయన్ని తిట్టి, మళ్ళీ ఆయన్నే పిలిపించి బొమ్మ గీయించుకున్నారు.

"పెళ్ళికి పిలుపుండదండి ఆయనకి. క్రిస్మస్సుకీ పిలవరు. ఒక్కదానికే పిలుస్తారు," అని ఆవిడ కంచాలు తీశారు.

అమలాపురం

మర్నాడు అంబాజీపేటలో బస్సు ఆగినప్పుడు పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల్ని బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఉడకబెడతారు. ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది. వాన తెరిపి లేకుండా కురుస్తోంది. మా దగ్గర వాన పడితే పని మానేసి బయటికొచ్చి చూస్తాం. ఇక్కడ సైకిల్ మీద ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని మాట్లాడుకుంటూ పోతున్నారు.

అమలాపురంలో కరుణమ్మ తల్లి మణెమ్మ గారి దగ్గర ఒక పూట ఉన్నాం. భర్త బొమ్మని కూతురికి ఇచ్చేసింది ఈవిడే. దూరం పోతున్న పిల్లకి తోడుంటాడని. దేవదానం బొమ్మ గీసిన రోజు సంగతి అడిగితే మెల్లగా చెప్పింది.

"ఆయన చాలాసేపు చూసి, నన్ను ఒకటే అడిగేరండి. మీరు పిలిస్తే ఎటేపు తిరిగేవారమ్మా అని. మా ఆయనకి కుడిచెవి వినపడదు. ఎడమేపు తిరిగేవారండి అని చెప్పేను. ఆ మాట చెప్పేకే నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా రాలేదు."

బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో నడిపే ఆయనతో కూడా మాట్లాడాను. ఇప్పుడు ఎవరైనా పోతే కెమెరాతో తననే పిలుస్తున్నారని, దేవదానానికి బోర్డులు రాసే పనే మిగిలిందని చెప్పాడు. జాలిగానే చెప్పాడు. "కానీ మా ఫోటోలో శవం శవంలానే ఉంటుందండి. ఏం చేస్తాం," అన్నాడు.

వైనతేయ రేవు

రాజోలు వైపు పోవాలంటే బోడసకుర్రు దగ్గర గోదావరి పాయ వైనతేయ దాటాలి. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన దాన్ని పంటు అంటారు. దాని మీదికి సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, ఒక జీపు, ఒక గేదె, మేము ఎక్కాం. ఎక్కేముందు ఒడ్డు బురదలో నా కాలు మోకాలిదాకా దిగబడింది. కాలు వచ్చింది గానీ చెప్పు రాలేదు. చేపలబుట్టతో ఉన్న ఒకామె బురదలో చెయ్యి పెట్టి, వెతికి, చెప్పు పైకి లాగి, నదిలో కడిగి ఇచ్చింది. పట్టీ తెగిపోయింది. అక్కణ్ణించి వట్టికాళ్ళతోనే నడిచాను.

నది నడిమధ్యలో ఒక దూడ శవం కొట్టుకొచ్చి పంటుకి తగిలింది. పంటు మనిషి వెదురుగడతో దాన్ని పక్కకి నెట్టాడు. ఎవరూ మాట ఆపలేదు. అంత నీళ్ళని చూసి ముందురోజు మురిసిపోయిన నేను ఆవలి ఒడ్డు వచ్చేదాకా నీళ్ళవైపు చూడలేకపోయాను.

ఖాళీ గోడలు

దేవదానం గారి తాటాకిల్లు కాలవగట్టు కిందుగా ఉంది. ఆయన వసారాలో కిళ్ళీకొట్టు బోర్డు రాస్తున్నారు. సన్నటి మనిషి. కళ్ళజోడు ఒక పక్క దారంతో కట్టుకున్నారు. గోళ్ళ సందుల్లో రంగు. మమ్మల్ని చూసి కుంచె పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

"ఎవరు పోయేరండి?" అన్నారు.

ఎవరూ పోలేదు మావయ్యగారూ, మిమ్మల్ని చూద్దామనే వచ్చేమంది కరుణమ్మ. ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. భుజం మీది తువ్వాలు తీసి అరుగు తుడిచారు. లోపలికి వెళ్ళి వచ్చారు. మళ్ళీ వెళ్ళి రెండు కొబ్బరిబోండాలు తెచ్చి, కొట్టిచ్చి, అప్పుడు కూర్చున్నారు. నేనూ బొమ్మలు చెప్పే టీచర్నే అంటే తల ఊపారు, అంతే.

ఇంట్లో ఒక్క బొమ్మ లేదు. తల్లి బొమ్మ వరద తీసుకుపోయిందట. ఆవిణ్ణి ముందు కళ్ళు మూసే గీశానని చెప్పారు. చూస్తే అమ్మ మళ్ళీ పోయినట్టనిపించిందని, అందుకని తెరిచానని. ఎటు చూసేదో తనకి తెలుసు కదా, కష్టం కాలేదట. మిగతా వాళ్ళకైతే ఇంటివాళ్ళని అడగాలి.

పెద్ద రైతుల ఇళ్ళకి వెళ్ళారా అని అడిగాను. వెళ్ళారట. శవాన్ని ఇంటి ముందుకి తెచ్చాక, వీధిలో నిలబడి దూరం నించి చూసి గీసేవారట. బొమ్మ పూర్తయ్యాక దాన్ని నట్టింట్లో పెట్టుకునేవారు.

"నేను గీసినవి చాలా వరకూ నేను చూళ్ళేదండి, గోడకి పెట్టేక," అన్నారు. కోపంగా అనలేదు. కిళ్ళీకొట్టు బోర్డు ఆరిందో లేదో వేలితో చూసుకుంటూ అన్నారు.

సాయంత్రానికి గాలి లేచి పంటు ఆపేశారని కబురొచ్చింది. ఆ రాత్రికి అక్కడే ఉండాల్సి వచ్చింది. ఆయన భార్య రత్నమ్మ గారు అప్పటిదాకా మాతో మాట్లాడలేదు. నేను వంటింట్లో కొబ్బరి కోరుతూ ఆవిడ పక్కన కూర్చుంటే, తనంతట తానే చెప్పింది. నా వైపు చూడకుండా చెప్పింది.

వాళ్ళకి శాంతి అని ఒక పిల్ల. బళ్ళో వేసిన ఏడాది జ్వరమొచ్చి పోయింది. తండ్రి బొమ్మ గీసి గోడకి పెట్టాడు. ఎంత బాగా కుదిరిందంటే, రత్నమ్మ గారు రోజూ ఆ బొమ్మ ముందు కంచంలో అన్నం పెట్టేది. జుట్టు దువ్వే వేళకి దువ్వెన పట్టుకుని దాని ముందు కూర్చునేది. కూలికి పోవడం మానేసింది, చర్చికి పోవడం మానేసింది. పేటవాళ్ళు పిచ్చి పట్టిందన్నారు. ఒకరోజు ఎవరో బలవంతం మీద కోతకి తీసుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి గోడ ఖాళీ. ఆయన బొమ్మని పడవలో తీసుకెళ్ళి గోదాట్లో వదిలేశాడు.

"ఎందుకని నేను అడగలేదండి. ఆయనా చెప్పలేదు," అంది. "అప్పట్నించి పిల్లల్ని గియ్యరు. ఎవరొచ్చి కాళ్ళు పట్టుకున్నా గియ్యరు."

ఆ తర్వాత బియ్యం కడగడానికి లేచి వెళ్ళింది. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు అవసరమైన మాటలే మాట్లాడుకోవడం రాత్రి భోజనాల దగ్గర గమనించాను. ఉప్పు, నీళ్ళు, తలుపు. మధ్యలో ఏళ్ళున్నాయి.

కాలవగట్టు

మర్నాడు పొద్దున గాలి తగ్గింది. పొద్దెక్కాక పంటు మళ్ళీ నడుస్తోందని తెలిసి మేము బయలుదేరబోతున్నాం. గట్టు వెంబడి ఇద్దరు మగాళ్ళు గబగబా నడిచి వచ్చారు. పక్క పేటలో సూర్రావని, కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే మనిషి. అతని కొడుకు నాని కాలవలో పడి చనిపోయాడు. ఇంకా బడికి పోయే వయసు కాదు. సాయంత్రంలోగా పాతిపెట్టాలి, తల్లి బొమ్మ కావాలంటోంది.

దేవదానం గారు కూర్చున్న చోటునించి లేవలేదు.

"పిల్లల్ని గియ్యనండి. ఆ సంగతి మీకూ తెలుసు," అన్నారు.

వాళ్ళు కదల్లేదు. ఒకతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. స్టూడియో ఆయన కోసం మనిషి వెళ్ళాడని, రేవు దాటి వచ్చేసరికి పొద్దుపోతుందని అన్నాడు. అప్పుడు రత్నమ్మ గారు తడిచేతులతో వంటింట్లోంచి బయటికొచ్చింది.

"వెళ్ళండి," అంది భర్తతో.

ఆయన ఆవిడ వైపు చూశారు.

"గీసి ఇచ్చెయ్యండి. ఉంచుకుంటుందో పారేసుకుంటుందో ఆవిడిష్టం. అది మాత్రం మీరు చెయ్యకండి."

ఆయన లోపలికి వెళ్ళి, తెల్లరంగు పూసి ఆరబెట్టిన రేకు ఒకటి, పెన్సిలు తీసుకుని బయటికి నడిచారు. వద్దనలేదు కనక మేమూ వెనకే వెళ్ళాం.

సూర్రావు ఇంటిముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. చెట్టెక్కే తాడు ఇంకా నడుముకే ఉంది. వచ్చినవాళ్ళందరికీ అదే మాట చెబుతున్నాడు. చెట్టు పైన ఉన్నప్పుడు కాలవలో ఎర్రగా ఏదో పోతూ కనబడిందట. ఎవరిదో గుడ్డ కొట్టుకుపోతోంది అనుకున్నాడట. ఆ చెట్టు కాయలన్నీ దింపి కిందికి దిగాడు. పిల్లవాడు పొద్దున ఎర్ర చొక్కా వేసుకున్నాడన్నది దిగాక ఎవరో అడిగితే గుర్తొచ్చింది. చెప్పడం అయిపోగానే మళ్ళీ మొదటినించి చెబుతున్నాడు.

మా వైపు చావు అంటే తప్పెట్లు మోగుతాయి, ఆడవాళ్ళు గుండెలు బాదుకుని రాగం తీస్తారు. ఇక్కడ ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వసారాలో చాప మీద పిల్లవాణ్ణి పడుకోబెట్టారు. ఒళ్ళు తుడిచారు గానీ జుట్టులో నాచు పోగొకటి ఉండిపోయింది. తల్లి సత్యవతి వాడి రెండు పాదాలూ పట్టుకుని కూర్చుంది. చాలా చిన్న వయసు మనిషి. దేవదానం గారు గుమ్మం బయటే ఆగితే, లోపలికి రండి అన్నయ్యగారూ అని ఆమే పిలిచింది. ఆయన చాప పక్కన కూర్చున్నారు. చాలాసేపు చూశారు. తర్వాత అడిగారు.

"ఎవరైనా పిలిస్తే ఎటు తిరిగేవాడమ్మా?"

"తిరిగేవాడు కాదండి," అందామె. "పిలిస్తే పరిగెత్తేవాడు." పాదాలు ఇంకాస్త గట్టిగా పట్టుకుని, "పొద్దున్నా పిలిచేనండి," అంది.

పెన్సిలు రేకు మీద ఆనించిన ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. గీత మొదలుపెట్టారు. పిల్లవాణ్ణి ఎత్తుకోవడానికి మగవాళ్ళు వచ్చేదాకా గీస్తూనే ఉన్నారు. వాళ్ళు ఎత్తుతుంటే సత్యవతి పాదాలు వదల్లేదు. ఇద్దరు ఆడవాళ్ళు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

మేము ఆ రోజు పంటు ఎక్కలేదు. ఎక్కుదామని ఇద్దరిలో ఎవరం అనలేదు.

పడుకోబెట్టిన బొమ్మ

రంగులు వేసి, ఆరబెట్టి, బొమ్మ పూర్తి చెయ్యడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆయన తిండికి తప్ప లేవలేదు. రత్నమ్మ గారు ఆ పక్కకి రాలేదు. వాన మాత్రం పడుతూనే ఉంది, తాటాకు చూరు నించి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కరుణమ్మా నేనూ అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలిచాం.

బొమ్మలో పిల్లవాడు పరిగెడుతూ పరిగెడుతూ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. పట్టుకో చూద్దాం అన్నట్టున్నాయి కళ్ళు. చొక్కాకి తెల్లరంగు వేశారు, ఎరుపు వెయ్యలేదు. ఇన్నేళ్ళుగా పిల్లలకి బొమ్మలు నేర్పుతున్నాను, అలాంటి మొహం నేను గియ్యలేదు. అనంతపురం తీసుకెళ్ళి నలుగురికీ చూపించాలనే బుద్ధి ఒక్క క్షణం పుట్టింది నాకు. వెంటనే సూర్రావు ఇంటి వసారా గుర్తొచ్చింది.

రేకుని గుడ్డలో చుట్టుకుని, చిన్న డబ్బాల్లో రంగులు కూడా పట్టుకుని వెళ్ళారాయన, ఎక్కడైనా సరిచెయ్యాలంటే ఉంటాయని. సూర్రావు ఇంట్లో లేడు. చెట్లెక్కడానికి పోయాడు. వేరే పని రాదు అతనికి. సత్యవతి రేకుని ఒళ్ళో పెట్టుకుని చూసింది. ఏడవలేదు. వేలితో వాడి నుదుటి మీద జుట్టుని తాకింది. ఎంతసేపటికో తలెత్తింది.

"మా నానిగాడేనండి. ఆడే." మళ్ళీ బొమ్మ వైపు చూసి, "కళ్ళు మూసెయ్యండి అన్నయ్యగారూ," అంది.

దేవదానం గారికి అర్థం కాలేదు. బాగా రాలేదా అమ్మా అని అడిగారు.

"బాగా వచ్చిందండి. కళ్ళు తెరిచుంటే మళ్ళీ గట్టు మీదకే పోతాడండి ఆడు. నేను పట్టుకోలేను. పడుకోబెట్టండి."

ఆయన రేకు తీసుకుని మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. డబ్బా మూత తీసి, రంగు కలిపి, బుగ్గ రంగుకి సరిపోయిందో లేదో గోటి మీద వేసి చూసుకున్నారు. ముందు కుడికన్ను మూశారు. తర్వాత ఎడమది. కుంచె చివరతో రెండు రెప్పల కింద సన్నటి వెంట్రుకలు గీశారు.   పరుగు బొమ్మ కాస్తా, ఎవరి భుజం మీదో తల వాల్చి నిద్రపోయిన పిల్లవాడి బొమ్మ అయింది.

సత్యవతి ఆ రంగు ఆరేదాకా రేకుని రెండు చేతులతో ఎత్తి పట్టుకునే కూర్చుంది. ఎవరు అడిగినా ఇవ్వలేదు.

ఇంటికొచ్చేసరికి రత్నమ్మ గారు గుమ్మంలో నిలబడి ఉంది. కాళ్ళు కడుక్కోవడానికి చెంబు ఇచ్చి, "ఉంచుకుందా?" అని అడిగింది.

"ఉంచుకుంది. కళ్ళు మూసెయ్యమంది."

"మూసేరా?"

"మూసేను."

 ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోసుకోవడం అయిపోయి, చెంబు ఖాళీ అయిపోయినా ఇద్దరూ కదల్లేదు.

"శాంతికీ అలా చేసుంటే సరిపోయేదేమో," అంది.

"నాకు తోచలేదు," అన్నారాయన.

"మనకిద్దరికీ తోచలేదు," అంది రత్నమ్మ గారు. ఆయన చేతిలోంచి ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ పిల్ల పోయాక ఆ పేరు వాళ్ళిద్దరి మధ్యా వినపడటం ఎరగనని కరుణమ్మ తర్వాత నాతో చెప్పింది. ఆ సాయంత్రం వాళ్ళు ఒకే అరుగు మీద కూర్చున్నారు. మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. మేము కావాలనే పెరట్లో ఉండిపోయాం.

తిరుగు రేవు

తెల్లారాక దేవదానం గారు మాతో రేవుదాకా వచ్చారు. నాకు కాళ్ళకి చెప్పుల్లేవని రత్నమ్మ గారు తనవి ఇచ్చింది. వద్దంటే వినలేదు. దారిలో ఎదురైన ఒకామె ఆయన్ని చూసి చంకలో పిల్లని కొంగుతో కప్పుకుంది. ఆయన అలవాటుగా గట్టు దిగి, ఆమె దాటిపోయేదాకా పక్కన నిలబడి, మళ్ళీ పైకి వచ్చారు.

పంటు ఆవలి ఒడ్డునించి ఇంకా బయలుదేరలేదు. మేము కొబ్బరిదుంగ మీద కూర్చున్నాం. వాన ఆగింది గానీ మబ్బు విడలేదు. నది నిండుగా పోతోంది. ఇన్ని రోజుల్లో ఆయన నన్ను ఏమీ అడగలేదు. అప్పుడు అడిగారు.

"మీ వైపు కాలవలుండవంట కదండీ?"

ఉండవన్నాను. చెరువులున్నా చాలా ఏళ్ళు ఎండిపోయే ఉంటాయని చెప్పాను.

"మరి అక్కడ పిల్లలు ఎలా పోతారండి?"

 మా స్కూలు పక్క పల్లెలో కిందటి ఎండాకాలం జరిగింది చెప్పాను. మెట్లు కూలిపోయిన దిగుడు బావి. అడుగున బిందెడు నీళ్ళు. వాటికోసం తాడు పట్టుకుని దిగిన ఆడపిల్ల, మా ఆరో తరగతి పిల్ల, పైనించి రాయి జారి పడితే పోయింది. బిందె సగం నిండి ఉందని చెప్పాను.

"ఆయ్," అన్నారు దేవదానం గారు.

నది వైపు చూస్తూ కూర్చున్నారు. పంటు వచ్చి ఒడ్డుకి ఆనుకున్నాక లేచి, మా సంచి అందించి, బల్ల మీద బురదుంది జాగ్రత్తండీ అన్నారు.